కూలీ చేతికి బిళ్ల ఉంది, ఉద్యోగం ఎందుకు లేదు? రైల్వే పోర్టర్ల కథ ఎక్కడ మొదలైందంటే..

రాయ్‌పూర్ నగరానికి పడమటి కొసన ఉంటుంది టాటీబంధ్. కోల్‌కతా, నాగ్‌పూర్‌లను కలిపే పాత గ్రేట్ ఈస్టర్న్ రోడ్డు, నగరం చుట్టూ తిరిగే రింగ్ రోడ్డు ఇక్కడే కలుస్తాయి. లారీల రద్దీ ఎప్పుడూ ఉంటుంది. ఎయిమ్స్ ఆస్పత్రి కూడా ఇక్కడే. రోడ్డుకు దగ్గర్లోనే రైలు పట్టాలు దుర్గ్ వైపు సాగిపోతాయి. సరోనా లాంటి చిన్న స్టేషన్లలో దిగేవాళ్లు తమ సంచీ తామే మోసుకుని ఆటో ఎక్కుతారు. ఎర్రచొక్కా కూలీ కనిపించాలంటే రాయ్‌పూర్ పెద్ద స్టేషన్‌కు వెళ్లాలి.

విశాఖపట్నం, విజయనగరం, పార్వతీపురం నుంచి వచ్చే తెలుగువాళ్లకు ఆ స్టేషన్ కొత్తదేమీ కాదు. వాళ్ల తాతల కాలం నుంచి ఈ దారిలో రాకపోకలున్నాయి. రాయ్‌పూర్ రైల్వే కాలనీల్లో, పక్కనే ఉన్న భిలాయ్‌లో తెలుగు కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. రైలు దిగగానే ముందుగా పలకరించేది కూలీయే. ఆ పేరు మన భాషదే. అతని చేతికున్న బిళ్లను ఇచ్చింది రైల్వేనే. అయినా అతను రైల్వే ఉద్యోగి కాదు.

ఎందుకు కాదు? ఈ ప్రశ్న కొత్తది కాదు. దీని మూలాలు 19వ శతాబ్దంలో, రైళ్లు వచ్చిన తొలి దశాబ్దాల్లో ఉన్నాయి. ఆ రోజుల్లో సామాను ఎవరు మోశారు, పోతే ఎవరు బాధ్యత వహించారు అన్నది చూస్తే ఇప్పటి పరిస్థితి అర్థమవుతుంది.

రైలు రాకముందు బరువు మోసిందెవరు?

1830 మే నెలలో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య ప్రయాణాన్ని గుర్తు చేసుకోండి. తెలుగులో తొలి యాత్రా గ్రంథంగా పేరున్న 'కాశీయాత్ర చరిత్ర' ఆయనదే. ఆయన వెంట దాదాపు వంద మంది పరివారం ఉంది. పల్లకీ మోసే బోయీలు, కావళ్లు మోసేవాళ్లు, వంటవాళ్లు, బంట్రోతులు. తిరిగి ఇంటికి చేరేసరికి 1831 సెప్టెంబరు వచ్చింది. అంటే పదిహేను నెలలు దాటింది. ఆనాడు ఒక పెద్దమనిషి కదలాలంటే ఊరిలో సగం కదలాల్సిందే.

ఆంగ్లో ఇండియన్ల మాటల నిఘంటువుగా 1886లో వచ్చిన 'హాబ్సన్-జాబ్సన్'లో ఈ బోయీల ప్రస్తావన ఉంది. పల్లకీ మోసేవాళ్లను దక్షిణాదిలోని ఆంగ్లేయులు 'బాయ్' అని పిలవడానికి మూలం తెలుగు, మలయాళ ప్రాంతాల్లోని 'బోయి' అనే కులం పేరేనని ఆ నిఘంటువు అంటుంది. కావడి కూడా ఇంగ్లిషు దొరల మాటల్లోకి వెళ్లింది. ఉత్తరాదిలో దాన్ని 'బంఘీ' అనేవారు. కావడి మీద వెళ్లే పార్శిల్ తపాలాకు అదే పేరు పెట్టారు.

పెద్ద సరుకుకు లంబాడీల ఎడ్ల మందలు ఉండేవి. ఛత్తీస్‌గఢ్ ధాన్యం తూర్పు తీరానికి, అక్కడి ఉప్పు కొండలు దాటి ఛత్తీస్‌గఢ్‌కు చేరింది ఎక్కువగా ఆ ఎడ్ల వీపుల మీదే. ఇప్పుడు విశాఖ రైలు దాదాపు ఆ దిక్కునే నడుస్తోంది.

వీటన్నిటి పక్కన ఇంకొకటి ఉంది. అదే వెట్టి. ఊరికి అధికారి వస్తే అతని డేరా, పెట్టెలు పక్క ఊరి పొలిమేర దాకా ఊళ్లోవాళ్లే మోయాలి. డబ్బులివ్వరు, ఇచ్చినా నామమాత్రం. ఉత్తరాదిలో దీన్ని 'బేగార్' అన్నారు. 1910లో బస్తర్‌లో జరిగిన భూంకాల్ తిరుగుబాటుకు దారితీసిన కారణాల్లో బేగార్ ఒకటి. నిజాం తెలంగాణలో వెట్టి 1940ల దాకా సాగిన సంగతి తెలిసిందే.

'కూలి' అన్న మాటను ఈ నేపథ్యంలో చూడాలి. తెలుగులో, తమిళంలో కూలి అంటే పనికి ఇచ్చే డబ్బు. వెట్టికి సరిగ్గా వ్యతిరేకం. కూలికి వెళ్తున్నానంటే ఊరికే చేయడం లేదని అర్థం. ఇంగ్లిషులోకి వెళ్లిన 'కూలీ'కి మూలం గుజరాత్ ప్రాంతపు 'కోలీ' జాతి పేరని చెప్పేవారూ ఉన్నారు. రెండూ కలిసిపోయి ఉండొచ్చన్న వాదన కూడా ఉంది. ఏదైనా, డబ్బు పేరు మనిషి పేరుగా మారిపోయింది. 1834 తర్వాత మారిషస్ లాంటి చోట్లకు ఒప్పందపు కార్మికులను ఓడల్లో తరలించడంతో ఆ పేరుకు అవమానం కూడా అంటుకుంది.

రైలొచ్చింది, మణుగు మారింది

దేశంలో తొలి ప్రయాణికుల రైలు 1853 ఏప్రిల్ 16న బొంబాయిలోని బోరీ బందర్ నుంచి ఠాణేకు నడిచింది. దక్షిణాదిలో 1856 జులై 1న మద్రాసులోని రాయపురం నుంచి వాలాజా రోడ్డుకు మొదటి రైలు వెళ్లింది. ఛత్తీస్‌గఢ్ వంతు కాస్త ఆలస్యంగా వచ్చింది. నాగ్‌పూర్ నుంచి రాజ్‌నంద్‌గావ్ దాకా 1880ల మొదట్లో మీటర్ గేజ్ లైను వేశారు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీ దాన్ని తీసుకుని బ్రాడ్ గేజ్‌గా మార్చింది. అక్కడి నుంచి రాయ్‌పూర్, బిలాస్‌పూర్ మీదుగా 1891 నాటికి ఆసన్‌సోల్ దాకా పొడిగించింది. టాటీబంధ్ పక్కనుంచి వెళ్లేది ఈ లైనే. రాయ్‌పూర్-విజయనగరం మార్గం మాత్రం 1931లోగానీ పూర్తికాలేదు. మరో రెండేళ్లకు విశాఖ రేవు ప్రారంభమైంది.

రైలుతో పాటు తూకమూ వచ్చింది. తెలుగువాళ్లకు మణుగు అంటే ఎనిమిది వీశెలు. మద్రాసు లెక్కలో 25 పౌన్లు, అంటే ఇప్పటి 11 కిలోలకు కొంచెం ఎక్కువ. బొంబాయి మణుగు 28 పౌన్లు. రైల్వేలు ఎక్కువగా వాడింది బెంగాల్ మణుగు. దాని బరువు 82 పౌన్ల పైచిలుకు, దాదాపు 37 కిలోలు. మన మణుగుకు మూడు రెట్లు దాటింది. 'రైల్వే మణుగు' అన్న పేరు కూడా దానికి స్థిరపడింది. శ్రీకాకుళం నుంచి వచ్చిన మనిషి మణుగు సామాను అనుకున్నది కాటా మీద మణుగులో మూడో వంతు కూడా తూగదన్నమాట. అతనికి లాభమే అనుకోండి.

ఇంకో చిన్న విషయం. ఇవాళ స్టేషన్లలో కూలీ రేట్ల బోర్డు మీద ఉండే ప్రమాణం తల మీద 40 కిలోలు. అది ఒక రైల్వే మణుగుకు దగ్గర దగ్గర. కొలత పేరు మారినా మెడ మీద పడే బరువు పెద్దగా మారలేదు.

సామాను రెండు రకాలు, ప్రయాణికులూ రెండు రకాలు

19వ శతాబ్దపు స్టేషన్‌లో సామానుకు రెండు దార్లుండేవి. ఒకటి, కాటా దగ్గర తూయించి, ఉచిత పరిమితి దాటినదానికి డబ్బు కట్టి, రసీదు తీసుకుని బ్రేక్ వ్యాన్‌లో వేయించడం. పెట్టె మీద చీటీ అంటిస్తారు. దిగిన చోట రసీదు చూపించి తెచ్చుకోవాలి. రెండోది, మూట మన దగ్గరే పెట్టుకుని పెట్టెలోకి ఎక్కడం.

నూటికి తొంభై మందికి పైగా మూడో తరగతిలో ప్రయాణించేవాళ్లే. వాళ్లది రెండో దారి. బొంత, ఇత్తడి చెంబు, అటుకుల మూట, దారిలో తినడానికి కట్టుకున్న అన్నం. కులం కట్టుబాట్ల వల్ల దారిలో దొరికేది తినేవాళ్లు తక్కువ. అందుకే మూటలు పెద్దవి. చాలా స్టేషన్లలో వీళ్లను ముసాఫిర్‌ఖానాలో కూర్చోబెట్టి, రైలొచ్చే ముందు మాత్రమే ప్లాట్‌ఫారం మీదకు వదిలేవారని అప్పటి ఫిర్యాదులు చెబుతాయి. తలుపు తీయగానే మూటలతో పరుగు. ఇవాళ జనరల్ బోగీ ముందు కనిపించే దృశ్యం వయసు 150 ఏళ్లు.

కూలీ పరుగెత్తింది ఎక్కువగా ఇంకొకరి కోసం. మొదటి తరగతి దొర ట్రంకు పెట్టెలు, పడక చుట్టలు, టోపీ పెట్టె, వేట తుపాకీ, తాగే నీళ్ల కూజా వెంట తెచ్చుకునేవాడు. అతని నౌకరు కూడా అదే రైల్లో, పక్కనుండే నౌకర్ల పెట్టెలో వచ్చేవాడు. బండి ఆగగానే నౌకరు దిగి కూలీలను పిలవాలి, లెక్క చూడాలి, బేరమాడాలి. స్టేషన్ కూలీకి పని చెప్పింది చాలాసార్లు ఇంకో పనివాడే.

ఏమైనా వెట్టితో పోలిస్తే ఇది మెరుగే. మోసిన వెంటనే చేతిలో కానీలో అణాలో పడేవి. పొలం పని లేని నెలల్లో పల్లె నుంచి స్టేషన్‌కు రావడానికి ఇది చాలు. అయితే ఆ డబ్బు ప్రయాణికుడి జేబులోంచి వచ్చింది, రైల్వే ఖజానా నుంచి కాదు. అసలు తేడా మొదలైంది ఇక్కడే.

లండన్‌లో ఒక సంచీ పోయింది

ఇంగ్లండ్‌లో పోర్టర్ రైల్వే కంపెనీ మనిషి. కంపెనీ జీతం, కంపెనీ యూనిఫాం. ప్రయాణికులిచ్చే టిప్పు అదనం. ఇది మర్యాదకు సంబంధించిన విషయంలా కనిపిస్తుందిగానీ, చట్టం దృష్టిలో చాలా పెద్ద తేడా.

1884 క్రిస్మస్‌కు ముందు రోజు సాయంత్రం లండన్‌లోని పాడింగ్టన్ స్టేషన్‌కు మిసెస్ బంచ్ అనే ఆమె వచ్చారు. బాత్ వెళ్లే రైలుకు ఇంకా నలభై నిమిషాలుంది. ఆమె సామానును పోర్టర్ తీసుకున్నాడు. మిగతావి వ్యాన్‌లోకి, చేతి సంచీ మాత్రం తనతో పాటు పెట్టెలోకి అని చెప్పారామె. సంచీ ఇక్కడ వదిలితే భద్రమేనా అని అడిగారు. భద్రమేనన్నాడు. భర్తను కలిసి, టికెట్ తీసుకుని పది నిమిషాల్లో వచ్చేసరికి సంచీ లేదు.

ఆమె గ్రేట్ వెస్టర్న్ రైల్వే మీద దావా వేశారు. రసీదు లేదు, సంచీని ఇంకా రైలెక్కించనేలేదు అని కంపెనీ తప్పుకోవచ్చా? కేసు హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్లింది. 1888లో తీర్పు ఆమెకే అనుకూలంగా వచ్చింది. పోర్టర్ కంపెనీ సేవకుడు. ప్రయాణంలో భాగంగా అతను సామాను తీసుకున్నాడంటే కంపెనీ తీసుకున్నట్టే.

సరిగ్గా రెండేళ్ల తర్వాత, 1890లో భారత రైల్వేల చట్టం వచ్చింది. అందులోని 74వ సెక్షన్ ప్రకారం, రైల్వే సేవకుడు సామానును బుక్ చేసుకుని రసీదు ఇస్తే తప్ప, అది పోయినా పాడైనా రైల్వేకు బాధ్యత లేదు. 75వ సెక్షన్ ఇంకో మెట్టు ఎక్కింది. బంగారం, పట్టు లాంటి ప్రత్యేక విలువైన వస్తువులున్న పెట్టె విలువ 100 రూపాయలు దాటితే, ఆ సంగతి ముందే చెప్పి, అడిగితే అదనపు సొమ్ము కట్టాలి. లేకపోతే ఆ బాధ్యతా లేదు.

పాడింగ్టన్ కేసు చూసి ఈ చట్టం రాశారని నేను అనడం లేదు. ఫలితం మాత్రం చూడండి. మిసెస్ బంచ్ అదే సంచీని రాయ్‌పూర్ ప్లాట్‌ఫారం మీద కూలీకి ఇచ్చి ఉంటే ఆమెకు దక్కేది శూన్యం. రసీదు లేదు, తీసుకున్నవాడు రైల్వే సేవకుడూ కాదు. కూలీని జీతగాడిగా పెట్టుకుంటే ప్లాట్‌ఫారం మీద పోయే ప్రతి మూటకూ పూచీ ఎవరిదన్న ప్రశ్న వస్తుంది. బయటివాడిగా ఉంచితే జీతం లేదు, పింఛను లేదు, పూచీ లేదు. కూలీని గుమ్మం బయట ఉంచడంలో ఇంత సౌకర్యం ఉంది.

అయితే అతన్ని పూర్తిగా వదిలేయడమూ కుదరదు. ఎవరు పడితే వాళ్లు ప్లాట్‌ఫారం మీదకు వస్తే దొంగలెవరో కూలీలెవరో తెలియదు. దానికి దొరికిన మధ్యే మార్గం లైసెన్సు. రుసుము కట్టు, నంబరున్న ఇత్తడి బిళ్ల కట్టుకో, మేం పెట్టిన రేటు తీసుకో. అదుపు రైల్వేది, నష్టభయం కూలీది, ప్రయాణికుడిది.

తెలుగువాళ్లకు బిళ్ల అనగానే బిళ్ల బంట్రోతు గుర్తొస్తాడు. నడుముకో భుజానికో ఇత్తడి బిళ్ల ఉంటే ఊళ్లో అతను సర్కారు మనిషి. అదే ఇత్తడి కూలీ చేతికి చేరేసరికి ఒక నంబరు మాత్రమే అయింది.

రంగంలో మన కూలీలు, అమెరికాలో 'జార్జి'లు

బరువులు మోసే పనిలో తెలుగువాళ్లు సముద్రం కూడా దాటారు. కోస్తా జిల్లాల్లో 'రంగం వెళ్లడం' అంటే రంగూన్‌కు వలస పోవడం. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద అక్కడ తెలుగువాళ్లను 'కోరంగీలు' అనేవారు. రంగూన్ రేవులో ఓడల సరుకు దించింది ఎక్కువగా వాళ్లే. 1930 మే నెలలో ఆ తెలుగు రేవు కూలీలు కూలి పెంచాలని సమ్మె చేశారు. యజమానులు వాళ్ల స్థానంలో బర్మీయులను తెచ్చారు. రాజీ కుదిరాక బర్మీయులను పొమ్మన్నారు. దాంతో చెలరేగిన అల్లర్లలో వంద మందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఎక్కువ మంది భారతీయులే. ఇద్దరు కూలీల మధ్య గొడవగా మిగిలిన ఆ సంఘటనలో ఇద్దరినీ పెట్టుకున్నదీ తీసేసిందీ మరొకరు.

అమెరికాలో కథ ఇంకోలా నడిచింది. జార్జి పుల్మన్ అనే వ్యాపారి, అంతర్యుద్ధం తర్వాత బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లజాతి మగవాళ్లను తన స్లీపర్ బోగీల్లో పోర్టర్లుగా పెట్టుకున్నాడు. పెట్టెలు ఎక్కించాలి, పడకలు వేయాలి, బూట్లు తుడవాలి. ప్రయాణికులు వాళ్ల పేరు అడిగేవారు కాదు. యజమాని పేరుతో అందరినీ 'జార్జి' అనేవారు. జీతం తక్కువ, బతుకు టిప్పు మీదే. కానీ వాళ్లు కంపెనీ ఉద్యోగులు. అందుకే యూనియన్ పెట్టుకోగలిగారు. ఎ.ఫిలిప్ రాండాల్ఫ్ నాయకత్వంలో 1925లో మొదలైన ఆ సంఘం 1937లో పుల్మన్ కంపెనీతో ఒప్పందం చేసుకుంది. ఎదురుగా కూర్చుని మాట్లాడటానికి ఒక యజమాని ఉండటం కూడా ఒక హక్కే అని ఇండియాలో లైసెన్సు కూలీని చూస్తే తెలుస్తుంది.

పార్శిల్ మోస్తే ఒకటి, ప్రయాణికుడి పెట్టె మోస్తే ఇంకొకటి

ప్లాట్‌ఫారం మీద మోసేవాళ్లంతా ఒకటే అనుకుంటాం. కాదు. పార్శిల్ ఆఫీసు సరుకును వ్యాన్‌లోకి ఎక్కించేవాళ్లు పార్శిల్ పోర్టర్లు. వాళ్లను చాలాకాలం కాంట్రాక్టర్లు, సొసైటీల ద్వారా పెట్టుకున్నారు. ఏళ్ల తరబడి నిత్యం చేసే పనికి కాంట్రాక్టు ఏమిటని వాళ్ల సమాఖ్య సుప్రీంకోర్టుకు వెళ్లింది. అర్హులను శాశ్వత ఉద్యోగులుగా తీసుకోవాలని కోర్టు 1995లో ఆదేశించింది. అది రైల్వే తన కోసం చేయించుకునే పని కాబట్టి ఆ వాదన నిలబడింది.

ఎర్రచొక్కా కూలీకి ఆ వాదన దొరకదు. అతను చేసేది ప్రయాణికుడి పని, డబ్బులిచ్చేదీ ప్రయాణికుడే. అతని రేటును, చొక్కా రంగును, బిళ్లను నిర్ణయించేది మాత్రం రైల్వే. పాసు, ఆస్పత్రిలో వైద్యం లాంటి కొన్ని వెసులుబాట్లు ఉన్నాయి. తండ్రి మోయలేని స్థితికి వస్తేనో, చనిపోతేనో బిళ్ల కొడుకుకు బదిలీ చేసే వీలుంది. పింఛను లేని చోట వారసత్వంగా వచ్చే ఆస్తి ఆ బిళ్లే.

2008లో అప్పటి రైల్వే మంత్రి లాలూప్రసాద్ యాదవ్ ఈ గోడను ఒకసారి దాటించారు. దారుఢ్యం ఉన్న లైసెన్సు పోర్టర్లను గ్యాంగ్‌మెన్‌గా తీసుకుంటామని బడ్జెట్‌లో ప్రకటించారు. వేలమంది చేరారు. అప్పుడు వయసు దాటినవాళ్లు, ఆ తర్వాత బిళ్ల తీసుకున్నవాళ్లు మిగిలిపోయారు. మళ్లీ అలాగే చేయాలన్నది ఇప్పటికీ వాళ్ల ప్రధాన డిమాండ్. 2016 ఫిబ్రవరి బడ్జెట్‌లో సురేశ్ ప్రభు వాళ్ల పేరును 'సహాయక్'గా మార్చారు. గౌరవం పెంచాలన్నది ఉద్దేశం. తెలుగు చెవికి మాత్రం ఇది కాస్త వింతగా వినిపిస్తుంది. కూలి అన్న మాటలో కనీసం డబ్బులివ్వాలన్న అర్థం ఉంది. సహాయంలో అదీ లేదు.

ఈలోగా పని తగ్గిపోయింది. బెర్నార్డ్ శాడో అనే అమెరికన్‌కు 1972లో చక్రాల సూట్‌కేస్ మీద పేటెంట్ వచ్చింది. 1987లో రాబర్ట్ ప్లాత్ అనే పైలట్ దాన్ని నిలువుగా లాగే రూపంలోకి తెచ్చారు. ఆ తర్వాత ఎస్కలేటర్లు, లిఫ్టులు, బ్యాటరీ కార్లు వచ్చాయి. హోల్డాల్ అన్న మాట తెలియని తరం వచ్చింది. ఇప్పుడు కూలీని పిలిచేది ఎక్కువగా ముసలివాళ్లు, రోగులు, చంటిబిడ్డల తల్లులు, పెళ్లి సామాను తెచ్చేవాళ్లు. టాటీబంధ్ ఎయిమ్స్‌కు దూరం నుంచి వచ్చేవాళ్లలో ఇలాంటివాళ్లు తక్కువేం కాదు. కొన్నిసార్లు అవసరం ఇంకా ఘోరంగా ఉంటుంది. 2025 ఫిబ్రవరి 15 రాత్రి న్యూదిల్లీ స్టేషన్‌లో తొక్కిసలాట జరిగి 18 మంది చనిపోయినప్పుడు, సామాను బళ్ల మీద బాధితులను బయటికి చేర్చినవాళ్లలో అక్కడి కూలీలున్నారు. అది వాళ్ల లైసెన్సులో రాసిన పని కాదు.

రసీదు నియమం ఇప్పటికీ ఉందా?

ఉంది. 1890 చట్టం స్థానంలో వచ్చిన 1989 రైల్వేల చట్టంలో అది 100వ సెక్షన్. బుక్ చేసి రసీదు తీసుకున్న సామానుకు రైల్వే పూచీ ఉంటుంది. మన వెంట ఉంచుకున్నది పోతే, రైల్వే నిర్లక్ష్యం వల్లో దుష్ప్రవర్తన వల్లో పోయిందని మనమే నిరూపించాలి. పాత చట్టంతో పోలిస్తే ఆ చిన్న కిటికీ తెరుచుకుంది. వినియోగదారుల కమిషన్లకు వెళ్లే సామాను చోరీ కేసులు చాలావరకు ఈ కిటికీ చుట్టూనే తిరుగుతాయి.

ఉచిత పరిమితి ఏసీ ఫస్ట్ క్లాసులో 70 కిలోలు, సెకండ్ ఏసీలో 50, థర్డ్ ఏసీలో, స్లీపర్‌లో 40, సెకండ్ క్లాసులో 35. ఇక కూలీకి పెట్టె ఇచ్చేటప్పుడు చేయాల్సిన పని వందేళ్ల క్రితం ఏదో ఇప్పుడూ అదే. బోర్డు మీద రేటు చూసుకోవాలి, బేరం ముందే తేల్చుకోవాలి, చేతి మీది బిళ్ల నంబరు గుర్తుపెట్టుకోవాలి. మన పెట్టె అతని తల మీద ఉన్నంతసేపూ మన దగ్గరుండే రసీదు ఆ నంబరే.